ఫిరంగి పరిమాణమే నౌకాబలమా?

ద్వితీయ ప్రపంచ సంగ్రామమున పాల్గొన్న బాటిల్‌షిప్పులలో ఎనిమిది నేటికిని అమెరికా తీరములందు ప్రదర్శనశాలలై నిలిచియున్నవి. తెలుగు కుటుంబములు విశేషముగా స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రమునందు, ఫిలడెల్ఫియాకు ఆవలి యొడ్డున కామ్డెన్‌లో, ఆ రాష్ట్రము పేరు దాల్చిన మహానౌక యున్నది. విల్మింగ్టన్‌లో నార్త్ కరోలినా, ఫాల్‌రివర్‌లో మసాచుసెట్స్, మొబీల్‌లో అలబామా కలవు. సెలవుదినములందు పిల్లలను వెంటబెట్టుకొని వీనిని చూడబోవు మనవారు అనేకులు. అన్నిటిలోను గొప్ప నౌక యేదని ఆ పిల్లలు అడుగుట సహజము. ఫిరంగి గొట్టము వెడల్పును, ఉక్కుకవచపు మందమును, మొత్తము బరువును సరిపోల్చి పెద్దలు సమాధానము చెప్పుటయు సహజమే. కాని ఈ కొలమానము సత్యమును చూపునది కాదనియు, నౌకానిర్మాతలు దేనిని పొందుటకై దేనిని వదలుకొనిరో విచారింపక చేయు తారతమ్య నిర్ణయము నిష్ప్రయోజనమనియు నా దృఢాభిప్రాయము.

1922వ సంవత్సరపు వాషింగ్టన్ ఒడంబడిక బాటిల్‌షిప్పు బరువును 35,000 టన్నులకును, ఫిరంగి వ్యాసమును 16 అంగుళములకును పరిమితము చేసెను. మోయదగిన బరువు ముందే నిర్ణయమైన బండిలో ఒక బస్తా ఎక్కించిన మరియొకటి దింపక తప్పనట్లు, ఆ 35,000 టన్నులలో ఫిరంగులు పెంచిన కవచము తగ్గవలెను, కవచము పెంచిన యంత్రములు తగ్గవలెను, యంత్రములు పెంచిన తక్కిన రెండును కుంచించుకొనవలెను. కావున అట్టి ప్రతి నౌకయు, ఏ ప్రమాదమును ఎదుర్కొనవలెను, ఏ ప్రమాదమునకు తల యొగ్గవలెను అను ప్రశ్నకు ఒక దేశము వ్రాసిన ప్రత్యుత్తరము.

అమెరికా వ్రాసిన మొదటి ప్రత్యుత్తరము 1937లో నిర్మాణమారంభించిన నార్త్ కరోలినా తరగతి. నాలుగేసి ఫిరంగులు గల మూడు టర్రెట్లలో పండ్రెండు 14 అంగుళముల ఫిరంగులను నిలుపుటయు, ఎదుటివారి 14 అంగుళముల గుండ్లకు ఓర్చునంత కవచము తొడుగుటయు దాని తొలి సంకల్పము. అంతలో, పిదపటి ఒడంబడికలో తలపెట్టిన 14 అంగుళముల పరిమితికి జపాను సమ్మతింపకపోవుటచే, అమెరికా నిర్మాతలు ఆ ఫిరంగులను తొలగించి తొమ్మిది 16 అంగుళముల ఫిరంగులను అమర్చిరి; కవచమును మార్చుటకు మాత్రము అవకాశము మిగులలేదు. తాను ప్రయోగింపగల గుండునకు తానే ఓర్వలేని నౌక యని దానిని విమర్శించుట న్యాయమే. మహావేగమున ప్రయాణించునపుడు వెనుకభాగమున పుట్టిన కంపనము కూడ చాలకాలము నిర్మాతలను బాధించెను. అయినను 1942 సెప్టెంబరు 15న జపాను జలాంతర్గామి ఐ-19 ప్రయోగించిన టార్పెడో, పార్శ్వరక్షణ యిరుకైన ముందుభాగమున తగిలి, దాదాపు 32 అడుగుల పొడవు, 18 అడుగుల యెత్తు గల రంధ్రము చేసి ఐదుగురిని బలిగొన్నప్పుడు, ఆ నౌక ఒరగుటను త్వరలోనే సరిదిద్దుకొని తన పటాలముతో సమానవేగమున సాగగలిగెను.

రెండవ ప్రత్యుత్తరము సౌత్ డకోటా తరగతి. ఫిరంగులు తొమ్మిదే, ఒడంబడిక పరిమితియు నదియే. కాని నౌక పొడవును సుమారు 729 అడుగులనుండి 680 అడుగులకు తగ్గించి, కాపాడవలసిన భాగమును పొట్టిచేసి, కవచమును నౌక పార్శ్వము లోపల ఏటవాలుగా నిలిపి, 16 అంగుళముల గుండ్లకు ఓర్చు రక్షణను నిర్మాతలు సాధించిరి. వేగము 28 నాట్లనుండి 27కు చేరువగా వచ్చెను, నష్టమంతయు అంతే. 35,000 టన్నులలో ఇంతకంటె చతురమైన కూర్పు మరియే దేశమునను పుట్టలేదని నా నమ్మకము. ఐనను దీనికిని మూల్యము కలదు. సిబ్బంది వసతులు ఇరుకైపోయెను. కవచము లోపల నుండుటచే వెలుపలి పలుచని ఉక్కు చిల్లిపడి నీరు చేరుట సులభమయ్యెను. ఆ లోపలి కవచమునకే దెబ్బ తగిలినచో బాగుచేయుట మిక్కిలి కష్టము.

ఈ రెండు తరగతులను కాగితముపై గాక కడలిపై తూచిన రాత్రి 1942 నవంబరు 14-15. గ్వాడల్‌కెనాల్ దీవి చేరువ జలములలో రియర్ అడ్మిరల్ విల్లిస్ లీ నాయకత్వమున నార్త్ కరోలినా తరగతికి చెందిన వాషింగ్టనును, సౌత్ డకోటాయు, నాలుగు డిస్ట్రాయర్లును జపాను దళము నెదుర్కొనెను. డిస్ట్రాయర్లు మొదటనే దెబ్బతినెను. కాగితముపై మేలైన సౌత్ డకోటా, పోరు నడుమ విద్యుత్ సరఫరా స్తంభించి, రాడార్ పనిచేయక, అంధకారమున దారి కానక, కాలుచున్న డిస్ట్రాయర్ల వెలుగులో శత్రువునకు స్పష్టమైన గురియై నిలిచెను. పాతికకు పైగా గుండ్లు తగిలినవి. నలుబదిమందికి చేరువగా నావికులు ప్రాణములు కోల్పోయిరి. అదే సమయమున వాషింగ్టన్, శత్రువు కంటబడకయే, రాడార్ ఆధారమున సుమారు ఎనిమిది వేల గజముల దూరమునుండి గురిచూచి, కొద్ది నిమిషములలో కిరిషిమా నౌకను నాశనము చేసెను.

ఈ ఘట్టమునుండి తొందరపాటు నిర్ణయము చేయరాదు. కిరిషిమా 1915లో కొలువునకు వచ్చిన పాత నౌక. దాని పార్శ్వకవచము 8 అంగుళములు మాత్రమే. అది ప్రయోగించిన 14 అంగుళముల గుండొకటి సౌత్ డకోటా వెనుక టర్రెట్టు పీఠమునకు తగిలియు లోపలికి దూసికొనిపోలేదు. అనగా నిర్మాతలు ఏ కవచమునకై తపించిరో ఆ కవచము తన మాట నిలబెట్టుకొన్నది; నౌకను అసమర్థముగా చేసినది ఏ పట్టికలోను కానరాని విద్యుత్ మార్గము. రాడార్ యంత్రములు రెండు నౌకలపైనను కలవు. లీ ఆ విద్యను స్వయముగా సాధించిన నాయకుడగుటయు, ఆయన నౌకలో ఆ యంత్రము ఎడతెగక పనిచేయుటయు ఆ రాత్రి విజయమునకు కారణములు.

ఇదియే సత్యము 1944 అక్టోబరు 25న సురిగావో జలసంధిలో మరల రుజువయ్యెను. అచ్చట జపాను దళమున కడ్డముగా నిలిచిన ఆరు అమెరికా బాటిల్‌షిప్పులలో ఐదు, పెర్ల్‌హార్బరులో దెబ్బతిన్న వృద్ధనౌకలే. వానిలో కొత్త గురిపెట్టు రాడార్ అమర్చబడిన వెస్ట్ వర్జీనియా, టెనెసీ, కాలిఫోర్నియా నౌకలే ఆ రాత్రి అత్యధికముగా ఫలవంతముగా కాల్చగలిగెను. గొట్టములు పాతవి, ఒడలు పాతది. చూపు మాత్రము కొత్తది.

ఇక కామ్డెన్ నౌక చెందిన ఐయోవా తరగతి. బరువు 45,000 టన్నులు, పొడవు 887 అడుగులు, వేగము 33 నాట్లు. పనామా కాలువ ద్వారములలో దూరుటకు వీలుగా వెడల్పు 108 అడుగులే. 16 అంగుళముల ఫిరంగులే యైనను గొట్టములు పొడవైనవి. రక్షణ మాత్రము దాదాపు సౌత్ డకోటాదే. సుమారు పదివేల టన్నుల అధిక భారమును ముఖ్యముగా ఆరు నాట్ల వేగమునకై వ్యయించిన యీ నిర్మాణమును అపవ్యయమనువారు లేకపోలేదు. వేగము కొరకు సన్నగిల్లిన దాని ముందుభాగము పెనుగాలిలో అలలను మీదికి తెచ్చుకొనుటయు నిజమే. పైగా శత్రు మహానౌకలతో ఆ నౌకలు ప్రత్యక్షముగా తలపడు తరుణమే రాలేదు. సమార్ దీవి చెంత జపాను మహానౌక యమాటో తన ఫిరంగులను పేల్చిన ఉదయమున ఐయోవా, న్యూజెర్సీ నౌకలు అమెరికా అడ్మిరల్ హాల్సీ వెంట ఉత్తరమునకు పోయియుండెను. ఐనను ఆ వేగమే వానికి విమానవాహక నౌకల వెంట నడచు యోగ్యతను, 1990ల వరకు కొలువున నిలుచు ఆయుర్దాయమును ప్రసాదించెను. ఒక లక్ష్యమునకై కొన్న గుణము మరియొక లక్ష్యమునకు ఉపకరించెను. తారతమ్య విచారమున దీనికిని స్థానమీయవలెను.

పరదేశ నౌకలతో పోల్చినపుడు ఈ వాదము మరింత బలపడును. జర్మనీ 35,000 టన్నులని ప్రకటించి 41,000 టన్నులకు పైబడ నిర్మించిన బిస్మార్క్, వెడల్పైన ఒడలుతో, దట్టమైన అరలతో, ముంచుటకు కష్టమైన నౌక. కాని నౌకలపై కాల్చుటకు ఒక తరగతి ఫిరంగులను, విమానములపై కాల్చుటకు వేరొక తరగతిని మోయుటచే దాని బరువు వృథాయయ్యెను. అమెరికావారు 5 అంగుళముల ఫిరంగి నొకదానినే రెండు పనులకును వాడి ఆ భారమును ఆదాచేసిరి. 1941 మేలో ఒక విమానపు టార్పెడో చుక్కానిని బిగించివేయగా, బిస్మార్క్ మరునాడు గురిచూచు వ్యవస్థను, పిదప సర్వమును కోల్పోయెను. యమాటో సంగతియు నిట్టిదే. 18.1 అంగుళముల తొమ్మిది ఫిరంగులు, 16 అంగుళముల పార్శ్వకవచము. పట్టికలో దానికి సాటి లేదు. కాని పై కవచమును క్రింది కవచముతో కలిపిన అతుకు బలహీనమని 1943 డిసెంబరులో స్కేట్ అను అమెరికా జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో వెల్లడించెను. సుమారు 3,000 టన్నుల నీరు లోపల చేరెను. 1945 ఏప్రిల్ 7న విమానములే ఆ మహానౌకను సముద్రగర్భమునకు పంపెను.

విమానయుగమున ఈ నౌకలన్నియు వ్యర్థములైనపుడు వాని గుణదోష విచారమేలయని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆక్షేపము బలమైనదే. విమానవాహక నౌక యొక్క శక్తి మన ఆంధ్రతీరమునకే అనుభవము: 1942 ఏప్రిల్ 6న జపాను వాహకనౌక ర్యూజో నుండి వచ్చిన విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను, మన ప్రజలను భీతిల్లజేసినది బాటిల్‌షిప్పు ఫిరంగి కాదు. ఐనను అదే యుద్ధమున అమెరికా బాటిల్‌షిప్పులు, రాడార్ సాయమున శత్రువిమానములను ముందే పసిగట్టి, లక్ష్యమును సమీపించగనే తమంతట ప్రేలు గుండ్లతో వానిని కూల్చి, వాహకనౌకలకు కోటగోడలై నిలిచెను. దీవులపై దిగు సైనికులకు ముందుగా తీరదుర్గములను ఛేదించెను. మార్పునకు ఒదుగు సామర్థ్యమున్న నిర్మాణము తన తొలి ప్రయోజనము గతించినను సార్థకమగును. అట్టి సామర్థ్యము లేనిది ఎంత పెద్దదైనను భారమగును.

ఈ విచారము ప్రాచీన నౌకలతో ముగియునది కాదు. రక్షణసామగ్రికి ప్రజాధనము ధారపోయు ప్రతి దేశమునందును, అమెరికాయందును భారతదేశమునందును, ప్రజల యెదుట అతిపెద్ద సంఖ్యలే ప్రదర్శింపబడుచున్నవి: ఇంత దూరము, ఇంత వేగము, ఇంత బరువు. ఆ సంఖ్యలకై ఏమి వదలుకొంటిరి, దెబ్బతిన్నచో ఎట్లు బాగుచేయుదురు, విద్యుత్తు ఆగినచో ఏమి మిగులును, రేపు కొత్త ఆయుధము వచ్చినచో దీనిని మార్చుకొనుటకు చోటున్నదా అను ప్రశ్నలడుగుట పౌరుని హక్కు మాత్రమే గాదు, ధర్మము. ఆ ప్రశ్నలకు సమాధానము లేని చోట ప్రాణములతో మూల్యము చెల్లించువారు నావికులు.

కావున ప్రదర్శననౌకల నిర్వాహకులు ఫిరంగి ప్రక్కనే ఆ నిర్మాణపు లోపములను కూడ సవివరముగా వ్రాసి యుంచవలెను. మన తల్లిదండ్రులును పిల్లలకు ఏ నౌక గొప్పదో చెప్పి ఊరకుండక, ఈ గొప్పతనమునకై దేనిని త్యజించిరో చెప్పవలెను. అట్లు ఆలోచింప నేర్చిన పిల్లలే రేపు యంత్రనిర్మాతలై, శాసనకర్తలై, పట్టికలకు మోసపోని నిర్ణయములు చేయగలరు.