నీరు తీస్తే సరిపోదు, కారణం తేలాలి

ఎడిన్‌బర్గ్‌లో చదువుకోవడానికి వెళ్లే తెలుగు విద్యార్థి వీసా కోసం ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, టీబీ లేదన్న సర్టిఫికెట్ చూపాలి. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించి ఉండటానికి భారత్ నుంచి వెళ్లేవారికి ఈ నియమం ఉంది. ఆ కాగితం ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. ఒంట్లో నిద్రాణంగా ఉన్న టీబీ క్రిమి ఎక్స్‌రేకు చిక్కదు. ఏడాదికో రెండేళ్లకో అది విజృంభిస్తే పొడిదగ్గు, సాయంత్రం జ్వరం, గాలి పీలిస్తే పక్కలో పోటు, మెట్లెక్కితే ఆయాసం మొదలవుతాయి. అప్పుడు తీసే ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించవచ్చు.

అయితే ఆ నీరంతా టీబీ నీరు కాదు. గుండె బలహీనపడినా, కాలేయం గట్టిపడినా, కిడ్నీలు దెబ్బతిన్నా, న్యుమోనియా ముదిరినా, క్యాన్సర్ పాకినా చేరుతుంది. స్కాట్లాండ్ ఓడల కార్ఖానాల్లో ఆస్బెస్టాస్ ధూళి పీల్చిన కార్మికుల్లో కొందరికి దశాబ్దాల తర్వాత ఊపిరితిత్తి పొరకు క్యాన్సర్ వచ్చింది. బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. మన దగ్గర ఆస్బెస్టాస్ రేకుల కింద ఇంకా కాపురాలు సాగుతున్నాయి.

గుండె జబ్బు వల్ల రెండు వైపులా నీరు చేరిందని స్పష్టంగా తెలిస్తే ముందు మందులు వాడి చూస్తారు. ఒక వైపే చేరితే మాత్రం సూది వేసి చూడాల్సిందే. రోగిని కూర్చోబెట్టి, బల్లమీది దిండుపైకి ముందుకు వాల్చి, అల్ట్రాసౌండ్‌లో నీరున్న చోటు గుర్తిస్తారు. పక్కటెముక కింది అంచున రక్తనాళం ఉంటుంది కాబట్టి సూదిని ఎముక పై అంచు మీదుగా పోనిస్తారు. సిరంజిలోకి లేత పసుపు నీరు రావచ్చు, నెత్తురు కలిసి రావచ్చు, చీము రావచ్చు. రంగు చూసి జబ్బు పేరు చెప్పేయకూడదు. నీటిలోని ప్రొటీన్‌ను, ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌ను రక్తంలోని వాటితో పోల్చే పద్ధతిని అమెరికా వైద్యుడు రిచర్డ్ లైట్ 1972లో ప్రకటించారు. ప్రొటీన్ రక్తంలో ఉన్నదానిలో సగానికి మించితే, ఊపిరితిత్తి పొరకే జబ్బు తగిలిందా అని వెతకాలి.

మన ఆసుపత్రుల్లో రెండు అలవాట్లు పోవాలి. ఒకటి, నీరు తీసి ఆయాసం తగ్గగానే పంపించేయడం. రెండోది, అనుమానం మీదే టీబీ మందులు మొదలుపెట్టడం. ఈ నీటిలో టీబీ క్రిమి మైక్రోస్కోప్‌కు దొరకడం అరుదు కాబట్టి ఏడీఏ అనే ఎంజైమ్ పరీక్షను నమ్ముకోవాల్సి వస్తుంది. కానీ చీము పట్టినా, కీళ్లవాతం ఉన్నా, లింఫోమా అయినా ఏడీఏ పెరుగుతుంది. క్యాన్సర్ రోగి ఆరు నెలలు టీబీ మాత్రలు మింగితే పోయిన కాలాన్ని ఎవరూ తిరిగివ్వలేరు.

ఇదే ఎడిన్‌బర్గ్‌లో 1887లో రాబర్ట్ ఫిలిప్ క్షయ రోగుల కోసం డిస్పెన్సరీ తెరిచారు. 1952లో అక్కడ ప్రొఫెసర్‌గా చేరిన జాన్ క్రాఫ్టన్, ఒక్క మందే ఇస్తే క్రిమి మొండికేస్తుందని గ్రహించి స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్‌లను కలిపి ఇచ్చారు. క్రిమి ఏ మందుకు లొంగుతుందో ల్యాబ్‌లో తేల్చుకోవడం ఆ చికిత్సకు ప్రాణం. ఆ పట్టుదలే మన దగ్గర కావాలి. తీసిన నీరు ల్యాబ్‌కు వెళ్లాలి, రిపోర్టు రోగి చేతికి రావాలి. అప్పటికీ తేలకపోతే పొర ముక్క తీసి బయాప్సీ చేయాలి.

ఎడిన్‌బర్గ్‌లోని తెలుగువాళ్లు కూడా ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే ఆ సంగతి జీపీకి, అంటే అక్కడి కుటుంబ వైద్యుడికి, దాచకుండా చెప్పాలి. అక్కడ టీబీ పరీక్షలూ చికిత్సా ఉచితమే.