చక్రం కింద రాయి

లారీ ఆగగానే క్లీనర్ కుర్రాడు చేసే మొదటి పని ఏమిటో మీకు తెలిసిందే. కిందికి దూకి, చక్రం వెనక రాయి పెట్టడం. లారీ వెళ్లిపోతుంది. రాయి మాత్రం రోడ్డు మీదే ఉంటుంది. చీకట్లో వచ్చే స్కూటరు దానికి కొట్టుకుంటుంది. అది వేరే కథ. చౌటుప్పల్‌లో ఉండే మా మేనల్లుడి కథ కూడా ఒక రాయితోనే మొదలైంది.

అందరికీ కారు కొనాలని ఉంటుంది. వీడికి కారు చెయ్యాలని పిచ్చి. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. బూటు, క్రికెట్ బంతి, బర్గర్ ఆకారాల్లో సుధాకర్ గారు చేసిన కార్లు అక్కడ ఉన్నాయి. బొమ్మలు కావు, నడిచే కార్లు. వాణ్ని అక్కడికి తీసుకెళ్లింది నేనే. ఆ రోజు పట్టిన పురుగు మళ్లీ వదల్లేదు.

రెండేళ్లు కష్టపడ్డాడు. ఇనుప గొట్టాలు వెల్డింగు చేసి చట్రం కట్టాడు. పాత మారుతి 800 ఇంజను, గేరుబాక్సు, వెనక డ్రమ్ములు తెచ్చి బిగించాడు. మొన్న సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు బారులు దాటుకుని నేను వాళ్లింటికి చేరేసరికి కారు వాకిట్లో సిద్ధంగా ఉంది. చుట్టూ తిరిగి చూశాను. హ్యాండ్ బ్రేకు లివరు ఉంది. లాగితే మాత్రం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇదేందిరా?" అన్నాను.

"కేబుళ్లు సక్కగ కూసుంటలేవు మామా. అయినా కాలి బ్రేకు మంచిగుంది గదా. ఆపినప్పుడు రాయి పెడితే అయిపాయె" అన్నాడు.

ఆ సాయంత్రమే అయిపోయేది. వాకిలి రోడ్డు వైపు కొంచెం వాలు. వాడు బండిని న్యూట్రల్‌లో ఉంచి, రాయి పెట్టి లోపలికి వచ్చాడు. మూడేళ్ల వాడి కూతురు ఆ వాలులోనే ముగ్గు మీద రంగులు చల్లుకుంటోంది. రాయి ఎలా జారిందో ఎవరూ చూడలేదు. బండి చప్పుడు లేకుండా కదిలింది. మా అక్క కేక వేసి, పిల్లను చెయ్యి పట్టి గుంజింది. కారు నీళ్ల గాబుకు గుద్దుకుని ఆగింది. గాబు పగిలింది. మాలో ఎవరికీ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే వాడే వెళ్లి ఉస్తాద్‌ను పిలుచుకొచ్చాడు. ముప్పయ్యేళ్లుగా జీపులు, ట్రాలీలు బాగుచేస్తున్న మనిషి. బండి కింద దూరి, బయటికొచ్చి ఒకే మాట అడిగాడు.

"బేటా, సైకిల్ బ్రేకు ఎప్పుడన్నా బిగించినవా?"

అసలు కిటుకు అక్కడే ఉంది. సైకిల్ వైరైనా, కారు హ్యాండ్ బ్రేకు కేబులైనా ఒకటే సూత్రం. 1896లో బౌడెన్ అనే ఆయన పేటెంటు పొందిన తీగ ఇది. లోపల తీగ, పైన గొట్టం లాంటి తొడుగు. తీగ లాగాలంటే తొడుగు కదలకూడదు. అంటే తొడుగు రెండు చివర్లూ గట్టి పట్టీల్లో కూర్చోవాలి. మావాడేమో తొడుగును బైండింగు వైరుతో చట్రానికి కట్టి ఊరుకున్నాడు. లివరు లాగితే తొడుగే వంగి సాగుతోంది తప్ప, డ్రమ్ములో షూలకు బలం అందడం లేదు.

ఉస్తాద్ నాలుగు పట్టీలు వెల్డింగు చేయించాడు. కేబుల్ ఒకచోట మోచెయ్యిలా మడత పడి ఉంది. దాన్ని పెద్ద వంపుగా మార్చాడు. మడతలో తీగ రాసుకుంటే లాగిన బలమంతా అక్కడే ఖర్చవుతుంది. సైలెన్సర్ గొట్టానికి దూరంగా జరిపాడు. వేడికి లోపలి గ్రీజు ఎండిపోతుంది మరి. లివరు నుంచి వచ్చే కడ్డీకి అడ్డంగా చిన్న పట్టీ పెట్టి, రెండు చక్రాల కేబుళ్లూ దానికి తగిలించాడు.

"ఇది కాడి అనుకో బేటా. రెండెద్దులు సమానంగ గుంజాలె. ఒకటే గుంజితే బండి అడ్డం తిరుగుతది."

ఆ తర్వాత మావాడు కేబుల్ నట్టు బిగించబోతే చేతి మీద ఒకటి వేశాడు. ముందు లివరు పూర్తిగా దించాలి. జాకీ మీద చక్రం ఎత్తి, డ్రమ్ము దగ్గర షూలను సర్దాలి. చక్రం పట్టేసేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంత వరకు వదలాలి. కేబుల్ సంగతి ఆ తర్వాతే. ముందే కేబుల్ బిగిస్తే షూలు వెనక్కి రావు. నడుస్తున్నంతసేపూ రాసుకుని, డ్రమ్ము కాలి, లైనర్లు అరిగిపోతాయి. చివరికి చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు ఒకసారి, నేల మీద ఆనినప్పుడు ఒకసారి తిప్పి చూశాడు. సస్పెన్షన్ కిందికీ పైకీ ఆడినప్పుడు కేబుల్ బిగుసుకోకూడదట.

సాయంత్రానికి లివరు ఆరు టిక్కులకు పట్టింది. అదే వాలులో, అదే చోట బండి నిలబెట్టాం. ఈసారి వెనక ఎవరూ లేకుండా చూసుకున్నాం. నేనూ మావాడూ కలిసి తోశాం. కదల్లేదు.

హ్యాండ్ బ్రేకు అదనపు హంగు కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 96వది కార్లకు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకులు ఉండాలంటుంది. ఒకటి కాలిది, ఒకటి ఆపి ఉంచేది. కాలి బ్రేకు నూనె మీద నడుస్తుంది. గొట్టం పగిలి నూనె కారిపోయిన రోజున తీగే దిక్కు.

అన్నట్టు, ఈ కారు రోడ్డెక్కదు. ఇంగ్లండులో 1957 నుంచే లోటస్ సెవెన్ లాంటి కార్లను విడిభాగాలుగా అమ్మేవారు, జనం ఇళ్లలో బిగించుకునేవారు. ఇప్పుడక్కడ ఇంట్లో కట్టిన ఒక్కో బండినీ విడిగా పరీక్షిస్తారు, హ్యాండ్ బ్రేకుతో సహా. నెగ్గితే రోడ్డెక్కనిస్తారు. మన దగ్గర అంత తేలిక కాదు. కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. మావాడికి ఆ సంగతి తెలుసు. మామిడితోటలో తిప్పుకుంటానంటున్నాడు.

వచ్చేటప్పుడు గేటు దాకా సాగనంపాడు. బండి వాకిట్లో అదే వాలులో నిలబడి ఉంది. పిల్ల మాత్రం ఇంట్లోనే ఆడుకుంటోంది. చూద్దును కదా, లివరు లాగి ఉన్నా, ఇంజను ఆపి గేరులో వేసి ఉన్నా, చక్రం వెనక రాయి కూడా ఉంది.

"ఇగ రాయెందుకురా?" అన్నాను.

"ఉండనీ మామా" అన్నాడు.

నేనూ తియ్యమనలేదు.