మూగ ప్రతులు

తాళపత్రం ఎంత శిథిలమైనా, లిపి తెలిసినవారి కంటికి కొంతైనా చిక్కుతుంది. క్యాసెట్టు అలా కాదు. 3.81 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీపై అయస్కాంత రేణువుల రూపంలో గొంతు నిలిచి ఉన్నా, దానిని చదివే యంత్రం లేకపోతే అది ఉత్త ప్లాస్టిక్ పెట్టె. పాత క్యాసెట్ డెక్కులను బాగుచేసుకొనేవారిని పాతసామాను మోజుగాళ్లని పరిహసించేవారు ఈ సంగతి గమనించినట్లు లేదు.

ఫిలిప్స్ సంస్థ 1963లో వెలువరించిన క్యాసెట్టు 1980ల నాటికి మన పల్లెలకు చేరింది. అనంతపురం సీమలో పద్యనాటకాలు, చెక్కభజనలు, తోలుబొమ్మలాట పాటలు, అవ్వల దంపుళ్ల పాటలు గ్రంథస్థం కాకుండానే టేపుకెక్కాయి. పైన సినిమా పేరు, లోన అవ్వ గొంతు! సినిమా పాటలు చెరిపి ఇంటి పాటలు నింపుకోవడం ఆనాడు మామూలే.

సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ కరవు నేలపై ఒక వింత ఉంది. వేరుశనగను ఎండగట్టే పొడిగాలి టేపుకు మేలే చేస్తుంది. కోస్తా తేమలో పట్టే బూజు ఇక్కడ అంతగా పట్టదు. దుమ్ము మాత్రం యంత్రానికి శత్రువు. అది హెడ్డును అరగదీస్తుంది. కాలక్రమంలో రబ్బరు బెల్టులు సాగి జిగటబారతాయి. పించ్ రోలర్ గట్టిపడుతుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవకపోతే శ్రుతి తప్పుతుంది.

అన్నింటికన్నా సూక్ష్మమైనది హెడ్డు కోణం. రికార్డు చేసిన హెడ్డు ఏ కోణంలో ఉన్నదో, వినిపించే హెడ్డూ అదే కోణంలో ఉండాలి. లేకుంటే చెక్కల మోత మసకబారుతుంది. స, ష, శ ల భేదం చెవికందదు. పల్లెల్లోని చౌక రికార్డర్లలో ఆ కోణం ఒక్కొక్కదానిలో ఒక్కొక్క తీరు. 1982లో వచ్చిన నకమిచి డ్రాగన్ డెక్కు దీనిని తనంతట తానే సరిదిద్దుకొనేది. అంత ఖరీదైనది లేకున్నా, ఓపిక గల చేతికి మామూలు మంచి డెక్కులోని చిన్న మర చాలు.

కంప్యూటరు ఉండగా ఇదంతా ఎందుకనేవారున్నారు. డెక్కు చదివినదానినే కంప్యూటరు దాచగలదు. హెడ్డు వదిలేసిన అక్షరాన్ని అది తెచ్చి ఇవ్వలేదు. టేపులను వినిపించే యంత్రాలు అంతరిస్తున్నాయని 2019లో యునెస్కో ప్రపంచాన్ని హెచ్చరించింది కూడా.

పొరుగున ఉన్న కడపలో పందొమ్మిదో శతాబ్దాన సి.పి. బ్రౌన్ పండితులను నియమించి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. అదే పనిని నేడు కళాశాలల్లో తెలుగు శాఖ, భౌతికశాస్త్ర శాఖ కలిసి చేయవచ్చు. ముందుగా ఒక డెక్కును బాగుచేసి, పాట వెంట పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం నమోదు చేయాలి. కోణం సరిచూసేటప్పుడు ఆ పాటలెరిగిన పెద్దలను పక్కన కూర్చోబెట్టుకోవడం మేలు. ఏ మాట ఎప్పుడు స్పష్టంగా పలికిందో వారే చెప్పగలరు.