ఫైలు పేరు తెలుగులో ఉండడం తప్పా?

"మాస్టారూ, ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టకండి. ఇంగ్లీషులో, ఖాళీలు లేకుండా, పొట్టిగా పెట్టుకోండి. ఏ గొడవా ఉండదు." ఇది నా పూర్వవిద్యార్థి ఒకడు నాకు చేసిన ఉపదేశం. వాడు మంచివాడే. అడిగిన వెంటనే పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాము రాసిపెట్టాడు. కానీ ఈ సలహాను మాత్రం నేను అంగీకరించను. మన మిత్రులు చాలామంది కూడా ఇదే మాటను వేదవాక్కులా చెప్పుకుంటున్నారు కనుక ఈ టపా రాయవలసి వచ్చింది.

జరిగినది విన్నవిస్తాను. పదవీవిరమణ తరువాత శతకపద్యాలకు తాత్పర్యాలు టైపు చేసి దాచుకుంటున్నాను, అంశానికొక ఫైలు చొప్పున. కొంతకాలం మా అబ్బాయి ఇంట్లోని పాత మ్యాక్ మీద పని సాగింది. తిరిగివచ్చాక వాటిని జిప్ చేయించి తెప్పించుకుని నా లినక్స్ కంప్యూటరులో విప్పుకున్నాను, మరో నెలరోజులు వాటికి చేర్పులు చేశాను. నేను టైపు చేసిన జాబితాను చదివి, ఆ పేర్ల ఫైళ్ళను తెరిచి, అన్నింటినీ ఒక్కటిగా కూర్చడం మావాడి ప్రోగ్రాము పని. కూర్చింది. పందొమ్మిది అంశాలు ఖాళీ! ఫోల్డరులో చూస్తే ఆ పందొమ్మిదింటికీ కవలలు పుట్టి ఉన్నాయి. ఒకే పేరుతో రెండేసి ఫైళ్ళు, ఒకటి నాది, రెండవది శూన్యం. శూన్యమైనవాటిని తొలగించబోయి, పొరపాటున మూడుచోట్ల నిండువాటినే తొలగించాను. నెలరోజుల చేర్పులు పోయాయి.

ఉపదేశం అప్పుడు వచ్చింది.

ఆ రాత్రి నిద్రపట్టక ఆ పేర్లను కాగితం మీద వరుసగా రాసుకున్నాను. శైలి, వైరాగ్యం, దైవం, మైత్రి... అన్నింటిలోనూ ఐత్వమే! ముప్పై ఏళ్ళు గుణింతాలు దిద్దించిన కంటికి అది కనబడక తప్పుతుందా? యూనికోడులో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది తోకా అని రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెలుగు పట్టిక మొత్తంలో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే. మ్యాక్‌లోని పాత ఫైలు వ్యవస్థ హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ పేరును విడదీసి దాస్తుంది. 2017లో వచ్చిన ఏ.పి.ఎఫ్.ఎస్. ఆ పని మానింది. లినక్స్‌కు మాత్రం పేరంటే బైట్ల వరుస, అంతే. 'శైలి' ఒక తీరులో 12 బైట్లు, మరొక తీరులో 15. కంటికి ఒకటే, యంత్రానికి రెండు. ప్రోగ్రాము తనకు దొరకని ఫైలును 'లేదు' అని చెప్పక, కొత్తగా పుట్టించి ఊరుకుంది. ఇందులో తెలుగు చేసిన నేరమేమిటి?

ఇంగ్లీషు పేరు పెడితే గొడవ ఉండదన్నది కూడా అబద్ధమే. విండోస్‌లో మార్గానికి బ్యాక్‌స్లాష్ ఎందుకు వచ్చిందంటే, 1981 నాటి డాస్‌లో మామూలు స్లాష్ ఆదేశాల ఐచ్ఛికాలకు వాడుకలో ఉంది. 1983లో రెండవ డాస్‌లో ఫోల్డర్లు వచ్చేసరికి వేరే గీత వెతుక్కోవలసి వచ్చింది. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ పక్కన 'టి' వస్తే ట్యాబ్, 'ఎన్' వస్తే కొత్త పంక్తి. కాబట్టి 'తెలుగు' అని ఇంగ్లీషు లిపిలో పేరుపెట్టిన ఫోల్డరు మార్గాన్ని మామూలు కొటేషన్లలో రాస్తే మొదటి అక్షరమే మాయమవుతుంది. అదే మన లిపిలో రాస్తే కొత్త పైథాన్ ఒక హెచ్చరిక చేస్తుంది గాని పేరు చెడదు! పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదం మన లిపికి లేదు కనుక విండోస్ ఒకటే అనుకునేదాన్ని లినక్స్ రెండనుకునే చిక్కు కూడా మనకు లేదు.

అసలు దోషం మార్గాన్ని ఉత్త అక్షరాల దండగా భావించడంలో ఉంది. మావాడు ఫోల్డరు పేరుకూ ఫైలు పేరుకూ మధ్య కూడిక గుర్తు పెట్టి అతికించాడు. వ్యాకరణం చదువుకున్నవాడెవడూ పదాలను అలా అతికించడు. సంధికి సూత్రాలుంటాయి. పైథాన్‌లో మార్గాలను కలిపే సూత్రం చూడండి. రెండు పేర్ల నడుమ గీత దానంతట అదే వచ్చి చేరుతుంది, అది ఆగమం. రెండవ పేరే గీతతో మొదలైతే మొదటి పేరు మొత్తం తొలగి ఆ స్థానంలో రెండవది నిలుస్తుంది, అది ఆదేశం. ఏ యంత్రానికి ఏ గీత అన్నది ఆ సూత్రమే చూసుకుంటుంది. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన 'పాత్‌లిబ్' మార్గాన్ని మార్గంగానే పరిగణిస్తుంది. ఇన్నేళ్ళ తరువాత కూడా కూడిక గుర్తుతో అతికించడాన్ని నేను బద్ధకమనే అంటాను.

పాత్‌లిబ్ సర్వరోగనివారిణి అనడం లేదు. అది ఐత్వాన్ని సరిచేయదు, చేయకూడదు కూడా. లినక్స్‌లో ఆ రెండు పేర్లూ సాధువులే. పేరును ఉన్నదున్నట్టు ఉంచి, పోల్చేటప్పుడు మాత్రం రెండింటినీ యూనికోడు ఏకరూపానికి తెచ్చి పోల్చాలి. పొల్లు తరువాత పెట్టే కనబడని విభాజకం ఆ ఏకరూపానికి కూడా లొంగదు, దాన్ని వేరుగా చూసుకోవాలి. పొడవు సంగతీ అంతే. 'శ్రీ' మనకు ఒక అక్షరం, యూనికోడుకు నాలుగు, లినక్స్‌కు 12 బైట్లు. అక్కడ ఒక పేరుకు హద్దు 255 బైట్లు, అంటే 21 శ్రీలు. విండోస్‌లో 63 పడతాయి.

ప్రోగ్రామును ఈ ప్రకారం సవరించి, లేని ఫైలును పుట్టించకుండా 'లేదు' అని చెప్పేటట్టు చేసి, మావాడికి పంపాను. "మాస్టారూ, నాకు ఐత్వం సంగతి తెలియదండీ" అన్నాడు. 'వైరాగ్యం' ఫైలు ఆ పేరుతోనే ఉంది. పోయిన మూడింటిలో ఒకదాని తాత్పర్యం తిరిగి రాశాను, ఇంకా రెండున్నాయి.