బాలింతల సంరక్షణము

కాన్పు సుఖముగా జరిగినదని తెలిసినంతనే గృహస్థులు పంచాంగము విప్పి నక్షత్రము చూతురు. బంధువులకు వార్త పంపుదురు. బారసాలకు ఏర్పాట్లు గావింతురు. బిడ్డది ఎవరి పోలిక యను చర్చ యింటిల్లిపాదికిని సరిపోవును. ఆ బిడ్డను కన్న తల్లికి నిద్రపట్టినదా, దప్పిక తీరినదా యని విచారించువారు అరుదు. పురిటిగది సంగతి ఆడువారిదని పురుషులు గడపకు ఈవలనే నిలిచిపోవుట మన యిండ్లలో మర్యాదగా చెల్లుచున్నది. ఈ మర్యాద మేలైనది కాదని మా యభిప్రాయము.

మన పురిటి యాచారములన్నియు మూఢాచారములే యని త్రోసివేయువారితో మేము ఏకీభవింపజాలము. తొలికాన్పునకు పుట్టింటికి పంపుటయు, వంటయింటి చాకిరినుండి తప్పించుటయు, నూనె యంటి వేన్నీళ్లు పోయుటయు మంచి పద్ధతులే. ప్రసవానంతరము గర్భాశయము యథాస్థితికి వచ్చుటకు సుమారు ఆరు వారములు పట్టునని వైద్యులు చెప్పుచున్నారు. మైల యను పేరుపెట్టి యైనను పెద్దలు ఆమెకు కొన్ని దినముల విశ్రాంతి కల్పించిరి.

కాని యా గదిలోనే అపచారమును జరుగుచున్నది. దాహమని యడిగిన బాలింతకు, పొట్ట పెరుగుననియు వాతము చేయుననియు నీళ్లీయని యిండ్లు నేటికిని కలవు. పప్పు, ఆకుకూర, పండ్లు, పెరుగు నిషేధించి కారపు మెతుకులతో దినములు గడుపుమందురు. కిటికీలు బిగించి కుంపటి పొగ నింపుదురు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు, పాలిచ్చు తల్లికి తొలి ఆరు మాసములు దినమునకు 600 కేలరీల ఆహారము అదనముగా కావలెనని నిర్ణయించిరి. ఇది మన రైతులకు క్రొత్త సంగతియా? ఈనిన గేదెకు కుడితి తగ్గించు రైతు ఎచ్చటనైన కలడా? తవుడును తెలికపిండియు హెచ్చుగా పెట్టి, కడుపునిండ నీరు త్రాగించును. పశువు విషయమున నెరిగిన ధర్మము కోడలి విషయమున మరచుట మనకు తలవంపు గాదా?

విచిత్ర మేమనగా, నేటి పట్టణ కుటుంబములలో పెక్కు పూర్వాచారమునందలి విశ్రాంతిని విడిచి, పథ్యమును మాత్రము నిలుపుకొన్నవి. పదియవ దినమునకే బాలింత పొయ్యి యొద్ద నిలుచును. చూడవచ్చిన చుట్టములకు కాఫీ కలుపును. విడువవలసినదానిని పట్టుకొని, పట్టుకొనవలసినదానిని విడుచుట సంస్కారము గానేరదు.

శుచిత్వమును గూర్చి ఒక మాట. 1846లో వియన్నా నగరపు ప్రసూతిశాలలో వైద్యులు చూచు వార్డున నూటికి 11 మంది తల్లులు సూతికాజ్వరమున మరణించిరి. 1847లో సెమ్మెల్వైస్ అను వైద్యుడు సున్నపు క్లోరినునీట చేతులు కడుగుకొని గాని వారిని ముట్టరాదని శాసించెను. 1848 నాటికి చావులు నూటికి ఒకటికి దిగినవి. ఖర్చులేని యీ విద్య మన పురిటిగది వాకిట నేటికిని కావలసియున్నది.

జ్వరము, దుర్గంధముతో కూడిన స్రావము, ఆగని రక్తస్రావము, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ, ఆయాసము, ఒక కాలు వాచి నొప్పిపెట్టుట — వీనిలో ఏది కనబడినను దిష్టి తీయుచు కాలయాపన చేయరాదు. తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తొలి దినములలో నిష్కారణముగా కంటనీరు పెట్టుట పలువురికి కలదు. అది రెండు వారములు దాటినను తగ్గకున్నను, బిడ్డపైనను బ్రదుకుపైనను విరక్తి తోచుచున్నను, అది గయ్యాళితనము గాదు, చికిత్సకు లొంగు వ్యాధి. ఏ బాధ లేకున్నను మూడవ దినమునను, రెండవ వారమునను, ఆరవ వారమునను తల్లీబిడ్డలను పరీక్ష చేయింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు సూచించుచున్నారు. ప్రసవానంతరము 180 దినములు ఇనుపధాతువు మాత్రలు వాడవలెననునది మన ప్రభుత్వ నియమము.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, తొలి రెండు కాన్పులకు 26 వారముల సెలవు నిర్ణయించిరి. జీతమునకు పనిచేయు స్త్రీకి ఇది యుపకారమే. కాని మడిలో నడుము వంచి నాట్లువేయు కూలి స్త్రీకి ఆ సెలవు నిచ్చువా రెవరు? భూస్వాములారా, ఆ పని చట్టమునది గాదు, మీది. పచ్చి బాలింతను పొలమునకు పిలువకుడు. ఆ దినములలో ఆమె యింటికి గింజలు కొలిపింపుడు. మీ కోడలికి ఆరు వారములు పట్టు స్వస్థత ఆమెకు ఆరు దినములలో రాదు.

1947లో స్వరాజ్యము వచ్చినది. స్వరాజ్యఫలము తల్లికి అందనిచో జాతికి బలము చేకూరదు. మన యింట కాన్పు జరిగిన దినమున పంచాంగము విప్పుటకు ముందు, తల్లి చేతికి కాచి చల్లార్చిన మంచినీళ్ల చెంబు అందింతుము గాక.