పచ్చి దుంగకు మన ఎండే శత్రువు

దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో చేనిగట్టు మీద వేపో నల్లతుమ్మో కొట్టినప్పుడు వినిపించే మాట ఒకటుంది: "ఎండలో పడెయ్, ఒక ఎండాకాలానికి అదే ఆరిపోతాది లే." దుంగ ఆరుబయట పడి ఉంటుంది. వానలు పడేలోపే రెండు కొసలూ బీటలు వారతాయి. తలుపు కావలసిన చేవగల కర్ర పొయ్యిలోకి పోతుంది.

ఈ నమ్మకం పూర్తిగా తప్పు.

కర్రలో నీళ్లు నడిచే సన్నటి గొట్టాలన్నీ దుంగ కొసల్లో నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అందుకే కొసలు పక్కలకన్నా 10 రెట్లకు పైగా వేగంగా ఆరతాయి. తేమ సుమారు 30 శాతం కిందికి దిగాక కర్ర ముడుచుకోవడం మొదలుపెడుతుంది. కొస ముడుచుకుంటుంటే లోపలి పచ్చికర్ర కదలదు, ఆ లాగుడుకు కొస చీలుతుంది. పైగా వలయాల వెంట వచ్చే ముడుపు, నడిమి నుంచి బెరడు వైపు వచ్చేదానికి దాదాపు రెట్టింపు. దుంగను దుంగగానే ఆరబెడితే పగలక తప్పదు. 40 డిగ్రీలు దాటే ఎండ ఆ పగులును తొందర చేస్తుంది, అంతే.

బెరడుతో నీడలో వదిలేసినా మేలు లేదు. తెల్లకట్టెలోని పిండిపదార్థం కోసం పురుగు చేరి పొడి రాలుస్తుంది. పెద్దలు దుంగల్ని చెరువులో నానవేసింది ఊరికే కాదు: ఆ పిండిపదార్థం కొంత నీళ్లలో కరిగిపోతుంది. కొండపల్లిలో మెత్తటి తెల్లపొణికిని సైతం సన్న సెగకు నెమ్మదిగా ఆరబెట్టాకే బొమ్మగా చెక్కుతారు. అంతకన్నా ఎంతో గట్టిదైన తుమ్మను మండుటెండకు వదిలేయడం ఏం న్యాయం?

చేయవలసింది కష్టమేమీ కాదు. చెట్టు కొట్టిన రోజే కొసలకు మైనమో చిక్కటి రంగో పూయాలి. ఆలస్యం చేయకుండా కోత మిషన్‌లో పలకలు కోయించాలి. గాలి ఆడే కొట్టంలో, నేలకు అడుగు ఎత్తున రాళ్ల మీద పేర్చి, పలకకూ పలకకూ నడుమ అంగుళం మందం ఎండు బద్దలు పెట్టాలి. బద్దలన్నీ పైనుంచి కిందిదాకా ఒకే వరుసలో ఉండాలి, లేకుంటే పలక మెలి తిరుగుతుంది. పైన బరువైన బండలు ఎత్తాలి. ఈదురుగాలి నేరుగా తగిలే వైపు గోనెపట్టా కట్టడం మంచిది.

అంగుళం మందానికి ఏడాది పడుతుందనే లెక్క చల్లటి దేశాలది. ఇక్కడి పొడిగాలికి అంత కాలం అక్కర్లేదు, ఆ మాట నిజమే. అయితే ఎప్పటికి ఆరిందో చెప్పాల్సింది తూకం. ఒక పలకకు గుర్తు పెట్టి పదిహేను రోజులకోసారి తూచాలి, బరువు తగ్గడం ఆగాకే వడ్రంగి చేతికివ్వాలి. కోత మిషన్ల వాళ్లు దుంగలు తెచ్చిన రైతులకు ఈ మాట చెప్పి, ఒక రంగు డబ్బా అక్కడే ఉంచితే ఎన్నో చెట్లు తలుపులూ మంచాలూ అవుతాయి.