గోటితో పోయే పని

నేటి మన ఇండ్లలో వస్తువులు పెరిగాయి. వాటిని బాగుచేసుకొనే నేర్పు తరిగింది. కుళాయి కారినా, ఫ్యూజు పోయినా, తలుపు కిర్రుమన్నా పనివారికి కబురంపి ఎదురుచూడడం పరిపాటి అయింది. చదువుకొన్నవారి ఇండ్లలో ఈ నిస్సహాయత మరింత ఎక్కువగా కనబడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు అన్నారు. ఇంటిలోని చిన్న మరమ్మతులు బాలబాలికలందరూ తప్పక నేర్వదగిన విద్య అని నా అభిప్రాయం.

కారే కుళాయినే తీసుకొందాం. సుమారు 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక చుక్క వంతున కారినా రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నీరు వృథా అవుతుంది. తిప్పుడు కుళాయిలో ఇందుకు సాధారణ కారణం లోపలి రబ్బరు వాషరు అరగడమే. ముందుగా నీటి వాల్వును కట్టివేసి, పానాతో కుళాయి పైభాగాన్ని విప్పి, అదే కొలత గల కొత్త వాషరును అమర్చితే సరిపోతుంది. సింకు క్రింద వంపు తిరిగిన గొట్టం ఒకటి ఉంటుంది. అందులో నిలిచిన నీరు మురుగు వాసనను ఇంటిలోనికి రానీయదు. మెతుకులూ జిడ్డూ పేరుకొనేది కూడా తరచుగా అక్కడే. బకెట్టు పెట్టి, ఆ వంపును విప్పి కడిగితే నీరు సాఫీగా పోతుంది. కిర్రుమనే తలుపు బందులకు రెండు చుక్కల నూనె చాలు.

ఈ పనులకు చేతి బలం కంటే ఆలోచన ముఖ్యం. పరిమితికి మించి విద్యుత్తు ప్రవహించినప్పుడు ఫ్యూజు తాను కరిగి ఇంటిని కాపాడుతుంది. మాటిమాటికీ పోతున్నదని అందులో మందపు రాగితీగ చుట్టడం కావలివాణ్ణి కట్టివేసి దొంగకు తలుపు తీయడమే. మెయిన్ స్విచ్ ఆపి తగిన కొలత గల తీగనే వేయాలి. అదీ కరిగితే లోపం మరెక్కడో ఉన్నదని గ్రహించి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. గ్యాసు వాసన వస్తే సొంత మరమ్మతు తలపెట్టనే రాదు. రెగ్యులేటరు ఆపి, కిటికీలు తెరచి, ఏ స్విచ్చునూ ముట్టక బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. తన హద్దు తాను ఎరగడం నేర్పులో సగం.

ఇది పనివారి పొట్ట కొట్టడం కాదా అని కొందరు అడుగవచ్చు. కాదు. గోడలలోని గొట్టాలు, వైరింగు వారి నైపుణ్యాన్ని ఎప్పుడూ కోరుతూనే ఉంటాయి. పైగా, తుప్పుపట్టిన మరను విప్పడానికి ఒకసారి చెమటోడ్చినవాడు ఆ పనికి అడిగిన కూలిని చులకనగా బేరమాడడు. శ్రమ విలువ ఉపన్యాసాల వలన కాక చేతుల ద్వారానే తెలుస్తుంది.

1937లో వార్ధా విద్యా మహాసభలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు సాగాలని ప్రతిపాదించారు. అదే నయీ తాలీం. మనమేమో చదువునూ చేతినీ వేరుచేశాం. ఓం నియమంపై లెక్కలన్నీ చేసి పూర్తి మార్కులు పొందిన విద్యార్థి ఫ్యూజు పెట్టె ఎదుట దిక్కుతోచక నిలబడితే ఆ చదువు సగమే. వినియోగదారుల మరమ్మతు హక్కు కోసం 2022లో కేంద్ర ప్రభుత్వం ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. హక్కు చట్టాల వలన రావచ్చు. నేర్పు మాత్రం ఎవరికి వారు సంపాదించుకోవలసిందే.

కనుక ప్రతి ఇంటిలో ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, నాలుగు వాషర్లు ఉండాలి. వాటిని వాడగల చేతులు విద్యార్థులవి కావాలి. పాడైనదానిని పారవేయడం సులభం. దాని లోపం తెలిసికొని మళ్ళీ పనిచేయించడంలోనే విద్యకు సార్థకత ఉంది.